పాట బరువెంత?

రేణిగుంట నుంచి అరక్కోణం వైపు పోయే బండిలో వచ్చి నగరిలో దిగినవాడికి మొదట కనిపించేది కొండ. మొదట వినిపించేది మగ్గం. ఆ కొండ కొన ముక్కులాగా ముందుకు పొడుచుకుని ఉంటుంది. వెనకటికి సముద్రం మీద ఓడలు నడిపే దొరలు దాన్ని ఆనవాలు పెట్టుకుని 'నగరి ముక్కు' అని పిలిచేవారు. ముక్కు సంగతి దొరలు రాసి పెట్టారు గనక, నేను ఇవాళ ఈ ఊరి చెవి సంగతి రాస్తాను.

మరమగ్గాల వీధిలోకి మలుపు తిరిగితే చాలు, ఇంటింటా టకటకలు. కొత్తవాడికి తల దిమ్మెక్కుతుంది. అక్కడే పుట్టి పెరిగినవాడికి మటుకు అది నిశ్శబ్దంతో సమానం. కరెంటు పోయి మగ్గాలు ఆగితేనే నిద్రలోంచి ఉలిక్కిపడి లేస్తాడు. మా మేనమామ ఈ రెండో తెగకు చెందిన మనిషి. ఆయనకు నాలుగు మగ్గాల షెడ్డు ఉంది, డెబ్బై దాటిన వయస్సు ఉంది, పాటల పిచ్చి ఉంది.

పోయిన సంక్రాంతికి నేను అక్కడికి వెళ్ళినప్పుడు ఆయన నన్ను పక్కకు పిలిచి, "అల్లుడా, పట్నం పోతా ఉండావు గదా, నాకొక పాటల పెట్టె పట్టుకు రా. చిన్నదిగా ఉండాల. అన్నీ ఉండాల" అన్నాడు. (నగరివాళ్ళకు పట్నం అంటే ఇప్పటికీ చెన్నపట్నమే.)

"అన్నీ అంటే ఏమేమి మామా?" అన్నాను.

"రేడియో ఉండాల. చిప్పు పట్టాల. బొత్తాములు పెద్దవిగా ఉండాల, చేతికి నూనె ఉన్నా నొక్కితే పలకాల. గట్టిగా పాడాల. రాత్రిపూట కరెంటు పోతే లైటు ఎలగాల. మూడు దినాలకొకసారి చార్జి పెడితే చాలాల. సొక్కా జేబులో పట్టాల."

"ఇంతేనా?"

"ధర తక్కువ ఉండాల" అన్నాడు, మరిచిపోయిన సంగతి గుర్తుకు వచ్చినట్టు.

నవ్వుకుంటూ కాగితం మీద రాసుకున్నాను. కాని రైలెక్కి ఆ జాబితా మళ్ళీ చదువుకుంటే నవ్వు రాలేదు. లోకంలో పాటల యంత్రాలు చేసేవాళ్ళందరికీ డెబ్బై ఏళ్ళుగా నిద్ర లేకుండా చేస్తున్నది ఈ జాబితాయే గదా! 'చిన్నది', 'అన్నీ' అనే రెండూ సవతులు. ఒకదాన్ని లోపలికి పిలిస్తే రెండోది అలిగి గడప దాటుతుంది. లైటు పెడితే అది బాటరీని తింటుంది. బాటరీని పెంచితే బరువు పెరుగుతుంది. నిండుగా పాడాలంటే స్పీకరులోని అట్ట బోలెడంత గాలిని కదిలించాలి. అట్ట చిన్నదైతే వేణువు పలుకుతుంది గాని, మృదంగం ఎడమవైపు మోత పలకదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. గాలి స్వభావం అది.

మామ షెడ్డులో మెయిను స్విచ్చి పక్కన గోడలో ఒక గూడు ఉంది. ఒకప్పుడు దీపం పెట్టుకునేవారు. కరెంటు వచ్చాక అది పాటల గూడు అయింది. ఆ గూట్లో కాపురం చేసి వెళ్ళిన యంత్రాల కథ చెబితే, ఈ సవతుల పోరు కథ దాదాపు అంతా చెప్పినట్టే.

మొదట వచ్చింది మా తాత ట్రాన్సిస్టరు. తోలు తొడుగు, భుజానికి పట్టీ, నాలుగు లావు సెల్లులు. ఏటా పోస్టాఫీసుకు పోయి దానికి లైసెన్సు రుసుము కట్టేవారు. సెల్లులు నీరసించినప్పుడు మా అవ్వ వాటిని వడియాలతోపాటు మిద్దె మీద ఎండబెట్టేది. ఇంకో నాలుగు రోజులు పాడేవి. 1938 జూన్ 16న మొదలైన మద్రాసు కేంద్రం, 1963లో వచ్చిన కడప కేంద్రం, సాయంత్రం అలల మీద తేలుతూ వచ్చే సిలోను — ఇవి అందితే ఆ రోజుల్లో అంతకంటే కావలసింది లేదు. పైగా మా తాతది గుంత మగ్గం. కాళ్ళతో తొక్కి, చేత్తో నాడె విసిరే మగ్గం. పక్కన పాట వస్తే వినపడేది. ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి.

ట్రాన్సిస్టరు రాకముందు రేడియో అంటే బల్ల మీద కూర్చుని కరెంటు తాగే పెద్దమనిషి. 1954 అక్టోబరులో అమెరికాలో 'రీజెన్సీ' అనే జేబు రేడియో వచ్చింది. ధర 50 డాలర్లకు ఐదు సెంట్లు తక్కువ. లోపల నాలుగే నాలుగు ట్రాన్సిస్టర్లు. శబ్దం గొప్పగా ఉండేది కాదు. అయినా జనం కొన్నారు. మూడేళ్ళ తరువాత జపానులో సోనీవారు ఇంకొకటి చేసి, 'జేబు రేడియో' అని చాటింపు వేశారు. తీరా చూస్తే అది మామూలు చొక్కా జేబు కంటే ఒక పిసరు పెద్దదిగా ఉంది. అప్పుడేం చేశారో ఆ కంపెనీ పెద్ద అకియో మోరిటా తన ఆత్మకథలో దాచుకోకుండా రాశాడు: అమ్మేవాళ్ళకు కాస్త పెద్ద జేబులున్న చొక్కాలు కుట్టించారట!

నగరి బట్టల ఊరు గనక ఈ కథ మామకు చెప్పాను. "రేడియోను తగ్గించలేక జేబును పెంచినారా? గట్టోళ్ళే" అన్నాడు.

గూట్లోకి రెండో కాపురం టేపు రికార్డరు. ఫిలిప్సువారు 1963లో బెర్లినులో చూపించిన కాసెట్టు మన పల్లెలకు రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. కావలసిన పాటల పట్టీ కాగితం మీద రాసి ఇస్తే దుకాణంవాడు కాసెట్టులోకి ఎక్కించి ఇచ్చేవాడు. తెలుగు పాటలు ఒక పక్క, తమిళ పాటలు ఇంకో పక్క. సరిహద్దు ఊరు కాసెట్టు అలాగే ఉంటుంది. ఇక్కడా అదే పేచీ. అరవై నిమిషాల కాసెట్టు నిబ్బరంగా తిరిగేది. నూట ఇరవై నిమిషాలది కొంటే అంతే పెట్టెలో రెట్టింపు టేపు ఇరికించాలి గనక టేపును పలచన చేసేవారు. అది సాగేది, చుట్టుకునేది; మా మామ పెన్సిలు పెట్టి తిప్పుతూ కూర్చునేవాడు. ఆపైన షెడ్డులో ఎగిరే నూలు పీచు పోయి యంత్రం హెడ్డు మీద పేరుకునేది. వారానికొకసారి స్పిరిటులో ముంచిన దూదితో తుడవకపోతే ఎంతటి గాయకుడికైనా జలుబు చేసేది.

ఈ కాసెట్ల కాలంలోనే జపానులో ఒక విచిత్రం జరిగింది. 1979 జూలై 1న సోనీవారు వాక్‌మన్‌ను అమ్మకానికి పెట్టారు. ధర 33,000 యెన్లు. అప్పటికే వారి దగ్గర విలేఖరులు వాడుకునే చిన్న టేపు రికార్డరు ఒకటి ఉంది. అందులోంచి రికార్డు చేసే భాగం పీకేశారు, స్పీకరు పీకేశారు, చెవులకు తగిలించుకునే తేలికపాటి ఫోను ఇచ్చారు. వ్యాపారి అన్నవాడు సరుకులో ఏదో ఒకటి కలిపి అమ్ముతాడు. వీళ్ళు రెండు తీసేసి అమ్మారు! రికార్డు చేయని రికార్డరు ఎవరికి కావాలని కంపెనీలోనే గొణిగారు. మొదటి నెల అమ్మకాలు చప్పగా ఉన్నాయి. ఆగస్టు ముగిసేసరికి చేసిన 30,000 యంత్రాలూ చెల్లిపోయాయి.

నాకు నచ్చింది ఆ అమ్మకం లెక్క కాదు. ఆ మొదటి వాక్‌మన్ మీద నారింజ రంగు బొత్తం ఒకటి ఉండేది. నొక్కితే పాట తగ్గి, చిన్న మైకు గుండా పక్కవాడి మాట చెవిలో పడేది. ఇద్దరు వినడానికి రెండు ఫోనుల రంధ్రాలు కూడా పెట్టారు. ఆయన ఇంట్లో ఆ యంత్రాన్ని పరీక్షిస్తూ ఒక్కడే వింటూ కూర్చుంటే ఇల్లాలికి కోపం వచ్చిందట. అందుకని మోరిటా పట్టుబట్టి పెట్టించాడు. అంత తీసేసినవాళ్ళు ఈ ఒక్కటీ ఎందుకు కలిపారో చూడండి. చెవులు మూస్తే లోకం మూసుకుపోతుందని వాళ్ళకు మొదటి రోజే తెలుసు. కాని తరువాతి నమూనాలలో తేలిక కోసం ఆ బొత్తం పోయింది. సుమారు నలభై ఏళ్ళకు, 2019లో, ఆపిలువారి వైరు లేని ఇయర్‌ఫోనుల్లో బయటి చప్పుడును కావాలని లోపలికి రానిచ్చే ఏర్పాటు పెడితే అందరూ కొత్త వింతలాగా చెప్పుకున్నారు.

తీసివేతలో ఇంకో గట్టివాడు ఐపాడు. 1998లో వచ్చిన రియో అనే యంత్రంలో 32 మెగాబైట్లు పట్టేవి. పాటను నొక్కి కుదించినా నిమిషానికి సుమారు ఒక మెగాబైటు అవుతుంది గనక అరగంట పాటలు, ఎనిమిదో తొమ్మిదో. 2000లో క్రియేటివ్ కంపెనీవారు 6 గిగాబైట్ల యంత్రం చేశారు. వందల పాటలు పట్టేవి, కాని అది టిఫిను పళ్ళెమంత ఉండేది. 2001 అక్టోబరు 23న వచ్చిన ఐపాడులో పట్టేది 5 గిగాబైట్లే. రేడియో లేదు, రికార్డు చేసేది లేదు. కాని 184 గ్రాముల బరువులో 1000 పాటలు, వేలితో తిప్పే ఒక్క చక్రం. గెలిచింది అదే. అయితే తీసివేతకూ ఒక హద్దు ఉంటుంది. 2005లో తెర లేని చిన్న ఐపాడు చేశారు, జనం సరే అన్నారు. 2009లో దాని మీది బొత్తాములు కూడా తీసేసి తీగ మీదికి నెట్టారు. మరుసటి ఏడాదే మళ్ళీ తెచ్చి పెట్టుకోవలసి వచ్చింది. చూడకుండా నొక్కగలిగిన బొత్తాం కంటే తేలికైనది ఈ భూమ్మీద లేదని నా గట్టి నమ్మకం.

మా మామ పెద్దకొడుకు, అంటే మా బావ, బెంగుళూరు నుంచి అలాంటి వేలెడంత యంత్రం ఒకటి — ఎవరు చేసిందో చెప్పను — తెచ్చి గూట్లో పెట్టాడు. పాటలు మార్చాలంటే కంప్యూటరు కావాలి. ఇంట్లో కంప్యూటరు లేదు. బావ ఎక్కించి పోయిన నూటఇరవై పాటలూ మామకు వరసతో సహా కంఠతా వచ్చేశాయి. ఆరు నెలలకు అది బల్లిగుడ్డు పక్కన దుమ్ముకొట్టుకుని కనిపించింది.

ఆ తరువాత సెల్లుఫోను వచ్చి అందరినీ మింగేసింది. ఇప్పటి ఫోను రమారమి 200 గ్రాములు ఉంటుంది. అంటే ఆ మొదటి ఐపాడు కంటే బరువే. అయినా 'అన్నీ' దాంట్లోనే ఉన్నాయి గనక దాన్ని బరువని ఎవరూ అనుకోరు. ఐపాడు వంశంలో చివరిది 2022 మే నెలలో ఆగిపోయింది. ఫోనుతో రేడియో కూడా మెల్లగా జారుకుంది. చాలా ఫోనుల్లో ఇయర్‌ఫోను తీగే ఎఫ్.ఎం. రేడియోకు ఏరియలు, తీగ లేని కాలం వచ్చాక ఏరియలూ లేదు.

అసలు సంగతికి వస్తున్నాను. నేను నగరిలో ఉండగానే, కనుమ పండుగ అయిన రెండో రోజు, మామ మనవడు షెడ్డులో మగ్గాలు చూసుకుంటున్నాడు. చదువుకుంటున్న కుర్రవాడు, సెలవులకు వచ్చాడు. చెవుల్లో చిక్కుడుగింజలంత ఇయర్‌ఫోనులు. ఒక్కోటి ఐదారు గ్రాములు ఉంటుందేమో. ఇంతకంటే తేలికైన సంగీతం ఎక్కడ దొరుకుతుంది?

పాత రకం మరమగ్గంలో పేక తెగితే మగ్గం తనంతట ఆగే ఏర్పాటు ఉంటుంది. పడుగు పోగు తెగితే ఆగదు. నేసేవాడే పసిగట్టాలి. నాలుగు మగ్గాల మధ్య తిరిగే మనిషికి కళ్ళు ఒక దాని మీద ఉంటే చెవులు మిగిలిన మూడింటి మీద ఉంటాయి. నిమిషానికి నూరు సార్లకు పైగా అటూ ఇటూ కొట్టుకునే నాడె ఒక్క దెబ్బ తేడాగా కొడితే మా మామ వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి ఆపేస్తాడు. ఆ రోజు మామ భోజనానికి లేచాడు. తెగిన పోగు పక్క పోగులతో చిక్కుపడి, మీటరున్నర బట్ట పాడైంది. కుర్రవాడికి వినిపించలేదు.

మామ వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. "బట్ట పోతే పోనీరా అబ్బోడా. నాడె ఎగిరి వచ్చి ఉంటే?" అన్నాడు. మగ్గంలోంచి గాడి తప్పి ఎగిరిన నాడె ఇనుపమొన తగిలితే ఏమవుతుందో ఆ వీధిలో వివరించి చెప్పనక్కరలేదు.

ఇక రెండో సంగతి. అది రక్తం కనిపించని దెబ్బ. నాడె మగ్గాల షెడ్డులో చప్పుడు 95 నుంచి 100 డెసిబెల్లుల దాకా ఉండడం కద్దు. అమెరికా ప్రభుత్వంవారి వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్లులలో రోజుకు 8 గంటలు ఉండవచ్చు. అక్కడినుంచి ప్రతి 3 డెసిబెల్లులకూ ఆ వ్యవధి సగమవుతుంది: 88కి 4 గంటలు, 91కి 2, 94కి ఒకటి, 100కి పావుగంట. మనవాళ్ళు పన్నెండు గంటలు ఉంటున్నారు. దాని మీద, ఆ చప్పుడును మించి వినిపించాలని చెవి లోపల ఇంకో పాట పెంచితే? పాటలు వినే యంత్రాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన హద్దు వారానికి 40 గంటలు, అదీ 80 డెసిబెల్లుల దగ్గర. బయటి చప్పుడును అణిచే ఇయర్‌ఫోనులు ఉన్నాయిగా అంటారు. అవి విమానం హోరులాంటి ఏకధాటి మోతను బాగా అణుస్తాయి. నాడె దెబ్బలాగా ఠక్కున తగిలే చప్పుడుతో అంత బాగా వేగలేవు. ఒకవేళ వేగాయే అనుకోండి, తెగిన పోగు కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

మామ చెవి సంగతి మామకు తెలుసు. తిరుపతిలో చెవి డాక్టరు గీత గీసి చూపించాడు. 4000 కంపనాల దగ్గర గీత గుంతలో పడినట్టు దిగింది. మోతలో పనిచేసేవాళ్ళకు మొదట పోయేది అక్కడే. ఆ గుంతలో పడేవి స, శ, త లాంటి పదునైన అక్షరాలు. "పాట ఇనిపిస్తాది అల్లుడా. ఏమంటా ఉండాడో తెలీదు" అన్నాడు మామ. అందుకే ఆయన గట్టిగా పాడేది కావాలన్నాడు.

ఇదంతా బుర్రలో పెట్టుకుని చెన్నపట్నంలో రిచీ స్ట్రీటుకు వెళ్ళాను. ఎలక్ట్రానిక్సు సరుకులకు అది మన పెద్ద సంత. దుకాణం కుర్రవాడు బల్ల మీద మూడు పెట్టాడు. మొదటిది అగ్గిపెట్టె సైజు. చూడ ముచ్చటగా ఉంది, పాడితే కందిరీగ. రెండోది చేటంత, దాంట్లో రంగు లైట్లు, మైకు, లేనిది లేదు, మోయడానికి ఇంకో మనిషి కావాలి. మూడోది పాత ట్రాన్సిస్టరు వేషం. 2017లో సరిగమవారు 5000 పాటలు ముందే నింపి కారవాన్ అని అమ్మారు గదా, ఆ బాపతు. పాటలు మనం ఎంచుకునే పని లేదు, పెద్ద బొత్తాములు, ఎఫ్.ఎం. ఉంది. లోకమంతా చిన్నదనం వెంట పరుగెడుతుంటే పెద్దవాళ్ళ కోసం కావాలనే పెద్దదిగా చేసిన పెట్టె అది. అమ్ముడుపోవడం చూసి నాకు ఆశ్చర్యం వేయలేదు.

ముందు జేబు పరీక్ష చేశాను. అగ్గిపెట్టెంత దాన్ని చొక్కా జేబులో వేసుకుని, మగ్గం మీద పోగు అతకడానికి వంగినట్టు వంగాను. ఠప్పున కింద పడింది. దుకాణం కుర్రవాడు నవ్వాడు గాని, నాకు చెమట పట్టింది. నగరిలో అది పడేది నేల మీద కాదు, నడుస్తున్న పడుగులో! మోరిటా అమ్మకందార్లు వంగవలసిన ఉద్యోగం చేయలేదు పాపం.

కడకు మూడో రకంలోనే కొంచెం చిన్నది కొన్నాను. చిప్పు పడుతుంది, రేడియో ఉంది, బొత్తాములు చింతగింజలంత ఉన్నాయి, లైటు ఉంది. బాటరీ మీద పాడుతుంది. జేబులో పట్టదు. అరకిలో పైనే ఉంటుంది.

నగరికి తీసుకెళ్ళి ఇస్తే మామ రెండు చేతుల్లో పట్టుకుని బరువు చూశాడు. జేబు దగ్గర పెట్టుకున్నాడు. పట్టలేదు. నేను రిచీ స్ట్రీటులో వంగిన కథ చెప్పాను. ఒక్క నిమిషం ఏమీ అనలేదు. తరువాత లేచి గూట్లో దుమ్ము దులిపి, ఆ బల్లిగుడ్డును జాగ్రత్తగా ఒక పక్కకు జరిపి, అక్కడ పెట్టాడు.

"ఇక్కడ పెడితే మగ్గాల మోతలో వినిపిస్తుందా మామా?" అన్నాను.

"యాడ వినిపిస్తాది!" అని నవ్వి, రేడియో పెట్టి, నాలుగు మగ్గాలూ వేశాడు.

నిజంగానే ఏమీ వినిపించలేదు. రేడియో మీద చిన్న ఎర్రదీపం వెలుగుతోంది గనక పాడుతోందని తెలుస్తోంది. మనవడు ఇయర్‌ఫోనులు జేబులో వేసుకుని కండెలు అందిస్తున్నాడు. టీ కావాలా అని మామ నన్ను చేత్తో సైగ చేసి అడిగాడు. ఆ షెడ్డులో మాటలన్నీ సైగలే.

మధ్యాహ్నం మూడు గంటలకు కరెంటు పోయింది. నాలుగు మగ్గాలూ ఒక్కసారిగా ఆగాయి. పక్క షెడ్డులో ఆగాయి, వీధి అంతా ఆగింది. ఆ నిశ్శబ్దంలో గూట్లోంచి ఒక పాట సగంలో వినిపించింది. ఎప్పటినుంచి పాడుతున్నదో, రెండో చరణంలో ఉంది. కండెలు చుట్టే ఆడవాళ్ళు చేతులు ఆపారు. పక్క షెడ్డు మనిషి గడప దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. మామ మగ్గం మీద మోచెయ్యి ఆనించి, బాగా వినిపించే కుడి చెవిని అటు తిప్పాడు.

"దీనికే బాటరీది కావాలన్నా" అన్నాడు, మెల్లగా.

పాట అయిపోయేదాకా కరెంటు రాలేదు.